లేదనుకున్న చుక్కకు నాడి దొరికింది

జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం. డాక్టరు ముందుగా మన మణికట్టు పట్టుకుంటారు. గడియారం చూస్తూ నాడి లెక్కపెడతారు. లోపలి గుండె కంటికి కనబడదు. అయినా వేలికి తగిలే దెబ్బను బట్టి దాని సంగతి తెలుస్తుంది.

ఆకాశంలో కొన్ని చుక్కలకు కూడా ఇట్లాంటి నాడి ఉంది. అవి టక్, టక్, టక్ అని ఒకే తీరుగా కొట్టుకుంటాయి. ఆ నాడిని పట్టుకుంటే చుక్క వయసు తెలుస్తుంది. అది ఎంత వేగంగా తిరుగుతుందో తెలుస్తుంది. అసలు అక్కడ చుక్క ఉందో లేదో కూడా తెలుస్తుంది.

మిథున రాశి వైపు అట్లాంటి చుక్క ఒకటి ఉంది. దాని నాడి కోసం శాస్త్రవేత్తలు 20 ఏళ్ళు వెతికారు. 1972లో మొదలైన వెతుకులాట 1992లో ఫలించింది. ఈ పాఠంలో ఆ కథ తెలుసుకుందాం.

కంటికి కనబడని వెలుగు

ఎండ, దీపం, వెన్నెల మన కంటికి కనబడతాయి. కానీ వెలుగంతా కంటికి కనబడదు. రేడియో అలలు ఒక రకం వెలుగే. మన ఇంట్లో రేడియో పాడేది వాటి వల్లనే. ఎక్స్ రే కూడా ఒక రకం వెలుగే. చెయ్యి విరిగితే ఆస్పత్రిలో తీసే ఫోటో దానితోనే. ఎక్స్ రే కండలోంచి దూసుకుపోతుంది. ఎముక దగ్గర ఆగుతుంది.

ఎక్స్ రే కన్నా బలమైనవి గామా కిరణాలు. క్యాన్సర్ ఆస్పత్రుల్లో కోబాల్టు యంత్రం నుంచి వచ్చేవి ఇవే.

ఆకాశం నుంచి కూడా ఎక్స్ రేలు, గామా కిరణాలు వస్తాయి. కానీ అవి నేల దాకా రావు. భూమి చుట్టూ ఉన్న గాలి వాటిని ఆపేస్తుంది. ఇది మన మంచికే. అవి నేరుగా వచ్చి పడితే ప్రాణులకు హాని.

మరి వాటిని చూడాలంటే ఎట్లా? గాలి దాటి పైకి వెళ్ళాలి. అందుకే ఉపగ్రహాలు పంపుతారు.

పంపినవారి పేరు లేని ఉత్తరం

1972 నవంబరులో అమెరికా ఒక చిన్న ఉపగ్రహాన్ని పంపింది. దాని పేరు సాస్-2. ఆఫ్రికాలో కెన్యా దేశం ఒడ్డున, సముద్రంలో కట్టిన వేదిక మీద నుంచి అది లేచింది. గామా కిరణాలు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో చూడటమే దాని పని.

అది ఏడు నెలలే పనిచేసింది. అయినా ఒక కొత్త సంగతి చెప్పింది. మిథున రాశి వైపు నుంచి గామా కిరణాలు బలంగా వస్తున్నాయి. కానీ అక్కడ అవి పంపగలిగినది ఏదీ ఎవరికీ కనబడలేదు.

తర్వాత 1975లో కొన్ని ఐరోపా దేశాలు కలిసి కాస్-బి అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది 1982 దాకా పనిచేసింది. అదీ అదే మాట చెప్పింది. మిథున రాశి వైపు ఏదో ఉంది. ఇంకా ఇట్లాంటి చోట్లు చాలా ఉన్నాయి. 1981లో వేసిన పట్టికలో 25 చోట్లు చేరాయి. వాటిలో ఎక్కువ చోట్ల ఏముందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇంటికి ఉత్తరం వచ్చిందనుకోండి. విప్పి చూస్తే పంపినవారి పేరు లేదు. చిరునామా లేదు. ఊరి ముద్ర చెరిగిపోయి ఉంది. ఏదో జిల్లా నుంచి వచ్చిందని మాత్రం తెలుస్తుంది. శాస్త్రవేత్తల పరిస్థితి అట్లా అయింది.

ఎందుకని? గామా కిరణం ఏ దిక్కు నుంచి వచ్చిందో కచ్చితంగా చెప్పడం కష్టం. ఆ రోజుల్లో ఉపగ్రహం చూపిన చోటు ఆకాశంలో నిండు చందమామ కన్నా వెడల్పుగా ఉండేది. అంత చోటులో పెద్ద దూరదర్శినితో చూస్తే వేల చుక్కలు కనబడతాయి. అందులో ఏది? ఎట్లా చెప్పడం?

ఇటలీలో మిలాన్ అనే నగరం ఉంది. అక్కడ జొవానీ బిగ్నామీ, పత్రీసియా కరవేయో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ చిక్కు వెంట పడ్డారు. ఆ చోటుకు జెమింగా అని పేరు పెట్టారు. మిథున రాశిని ఇంగ్లీషులో జెమిని అంటారు. దానికి గామా కలిపితే జెమింగా. ఈ పేరులో ఇంకో చమత్కారం ఉంది. మిలాన్ ఊరివాళ్ళ యాసలో ఆ మాటకు "అది అక్కడ లేదు" అని అర్థం వస్తుంది. ఉందని కిరణాలు చెబుతున్నాయి. లేదని కన్ను చెబుతోంది. పేరు బాగా కుదిరింది.

చచ్చిన చుక్క, తిరిగే దీపం

జెమింగా ఏమై ఉంటుంది? పల్సార్ కావచ్చని కొందరికి అనుమానం. పల్సార్ అంటే నాడి కొట్టుకునే చుక్క.

పెద్ద నక్షత్రం లోపలి ఇంధనం అయిపోతే అది కుప్పకూలుతుంది. పై భాగం పేలి చెదిరిపోతుంది. లోపలి భాగం నలిగి ముద్దవుతుంది. ఆ ముద్దను న్యూట్రాన్ నక్షత్రం అంటారు. దాని బరువు మన సూర్యుడి కన్నా ఎక్కువ. వెడల్పు మాత్రం 20, 25 కిలోమీటర్లే. అంటే మండల కేంద్రం నుంచి ఒక మారుమూల ఊరికి ఉన్నంత దూరం. అందులో ఒక చెంచాడు తీస్తే కోట్ల టన్నులు తూగుతుంది.

ఈ ముద్ద గిర్రున తిరుగుతూ ఉంటుంది. దాని చుట్టూ అయస్కాంత బలం చాలా ఎక్కువ. దాని నుంచి కిరణాలు కొన్ని దిక్కులకే పోతాయి.

విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్ హౌస్ ఉంది. రాత్రి సముద్రంలో ఉన్న జాలర్లకు అది తెలుసు. దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కానీ వెలుగు చుట్టూ తిరుగుతుంది. పడవ వైపు తిరిగినప్పుడు తళుక్కుమంటుంది. తర్వాత చీకటి. మళ్ళీ తళుక్కు. పల్సార్ కూడా అంతే. అది తిరిగే వేగమే దాని నాడి.

మొదటి పల్సార్‌ను 1967లో ఇంగ్లండులో పట్టుకున్నారు. పట్టుకున్నది జోస్లిన్ బెల్ అనే విద్యార్థిని. రేడియో దూరదర్శిని కాగితం చుట్టల మీద గీతలు గీసేది. ఆమె ఆ కాగితాలన్నీ కళ్ళతో చూసేది. ఒకచోట చిన్న గీత తేడాగా కనబడింది. అది ఏదో యంత్రం లోపంలే అని వదిలెయ్యలేదు. మళ్ళీ మళ్ళీ చూసింది. అది ఒకే తీరుగా కొట్టుకునే చుక్క అని తేలింది.

అప్పటి నుంచి చాలా పల్సార్లను రేడియో అలలతోనే కనిపెట్టారు. కానీ జెమింగా రేడియోలో మూగదానిలాగే ఉంది. రేడియో దూరదర్శిని తిప్పితే ఏమీ వినబడలేదు. మరి దాని నాడి పట్టడం ఎట్లా?

తాడు, ముడులు, గుంజ

గామా కిరణాల్లోనే నాడి వెతకవచ్చు కదా? వెతికారు. అది ఎందుకు కష్టమో తెలియాలంటే ఒక పని చెయ్యండి.

ఒక పొడుగాటి తాడు తీసుకోండి. ఒక గుంజ తీసుకోండి. గుంజ చుట్టుకొలత సరిగ్గా ఒక మూర ఉందనుకుందాం. తాడు మీద మూర మూరకూ కొలుస్తూ పోండి. కానీ ప్రతి మూర దగ్గరా ముడి వెయ్యకండి. మూడో మూర దగ్గర ఒకటి, పదో మూర దగ్గర ఒకటి, పదకొండో మూర దగ్గర ఒకటి, ఇరవయ్యో మూర దగ్గర ఒకటి వెయ్యండి. మీకు తోచినట్టు వెయ్యండి. మూర కొలత మాత్రం తప్పకండి.

ఇప్పుడు తాడును నేల మీద పరిచి చూడండి. ముడుల మధ్య దూరాలు ఒక్క తీరుగా లేవు. అంతా గజిబిజిగా ఉంది.

అదే తాడును గుంజకు బిగుతుగా, ఒక చుట్టు కింద ఒక చుట్టుగా చుట్టండి. ముడులన్నీ ఒకే వైపు, ఒకే వరుసలో నిలబడతాయి. ఇంకో గుంజకు చుట్టండి. అది కాస్త లావుదైనా, సన్నదైనా ముడులు చుట్టూ చెదిరిపోతాయి.

శాస్త్రవేత్తలు చేసే పని ఇదే. కాలం తాడు. ఉపగ్రహానికి తగిలిన ఒక్కొక్క కిరణం ఒక్కొక్క ముడి. ప్రతి కిరణం ఏ క్షణంలో వచ్చిందో ఉపగ్రహం రాసిపెడుతుంది. ఆ రాతను కంప్యూటరులో రకరకాల గుంజలకు చుట్టి చూస్తారు. ఏ గుంజ మీద ముడులు వరుసలో నిలబడితే అదే చుక్క తిరిగే కాలం.

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతుంది. ఒక్కోసారి మనం చుక్కకు దగ్గరగా ఉంటాం. ఒక్కోసారి దూరంగా ఉంటాం. దాని వల్ల కిరణం వచ్చే వేళ నిమిషాల కొద్దీ ముందు వెనక అవుతుంది. అందుకే అన్ని వేళలనూ సూర్యుడి దగ్గర కూర్చుని చూసినట్టుగా దిద్దుకుంటారు. ఆ తర్వాతే గుంజకు చుడతారు.

జెమింగా దగ్గర వచ్చిన ఇబ్బంది ఏమిటి? ముడులు చాలా తక్కువ. ఆ పాత ఉపగ్రహాలకు జెమింగా నుంచి గంటకు ఒకటో అరో గామా కిరణం తగిలేది. ఆ చుక్క గంటలో 15 వేల సార్లు తిరుగుతుందని ఇప్పుడు మనకు తెలుసు. అంటే తాడు మీద వేల మూరలకు ఒక ముడి. నెలల తరబడి పోగు చేస్తే తాడు ఎంతో పొడుగు అవుతుంది. అంత పొడుగు తాడును చుట్టేటప్పుడు గుంజ వెంట్రుకవాసి తేడా ఉన్నా వరుస చెదిరిపోతుంది. కాబట్టి వెంట్రుకవాసి తేడాతో లెక్కలేనన్ని గుంజలు పెట్టి చూడాలి. ఆనాటి కంప్యూటర్లకు అది తలకు మించిన పని.

తప్పు నాడి

1977లో ఒక మాట బయటికి వచ్చింది. జెమింగా నాడి దొరికిందన్నారు. 59 సెకన్లకు ఒకసారి కొట్టుకుంటోందన్నారు. 1984లో ఎక్స్ రేలలో కూడా అట్లాంటి నాడే కనబడిందని మిలాన్ శాస్త్రవేత్తలు రాశారు. అందరికీ ఆశ కలిగింది.

కానీ అది నిజం కాదు.

ఎట్లా పొరబడ్డారు? లాటరీ సంగతి చూడండి. లక్ష మంది టికెట్లు కొంటే ఎవరో ఒకరికి తగులుతుంది. తగిలినవాడికి ఏదో మహిమ ఉందనుకుంటే తప్పు. అంతమంది కొన్నారు కాబట్టి ఒకరికి తగిలింది. అంతే.

ముడులు కూడా అంతే. కొద్ది ముడులున్న తాడును వేల గుంజలకు చుడితే ఏదో ఒక గుంజ మీద కాకతాళీయంగా అవి దగ్గర దగ్గరగా నిలబడతాయి. చూసేవాళ్ళకు వరుసలాగే ఉంటుంది. వెతికేవాళ్ళకు ఆశ ఉంటుంది కాబట్టి ఇంకా బాగా కనబడుతుంది.

అందుకే నాడి దొరికిందని చెప్పగానే సరిపోదు. ఎన్ని గుంజలు చుట్టి చూశారో చెప్పాలి. అన్ని గుంజలు చుడితే ఉత్తినే ఇట్లా కుదిరే అవకాశం ఎంతో లెక్కగట్టాలి. ఆ పైన ఇంకొక తాడు తేవాలి. ఇంకొకరు, ఇంకొక ఉపగ్రహంతో, ఇంకొక ఏడాది తీసిన తాడు అయితే మంచిది. దాన్ని కూడా అదే గుంజకు చుట్టాలి. అప్పుడూ వరుసలో నిలబడితేనే నమ్మాలి.

1985లో కొందరు ఈ లెక్క వేశారు. 59 సెకన్ల నాడికి ఉన్న ఆధారం చాలదని చెప్పారు. ఇట్లా చెప్పడం వాళ్ళను అవమానించడం కాదు. శాస్త్రంలో ఒకరి లెక్కను ఇంకొకరు సరిచూడటం మామూలు.

ఎక్స్ రే దారి చూపింది

ఈలోగా ఇంకో పని జరుగుతోంది. గామా కిరణాలతో చోటు సరిగ్గా తెలియడం లేదు. ఎక్స్ రే దూరదర్శిని అయితే చోటును చాలా కచ్చితంగా చూపుతుంది. జెమింగా ఉన్న వైపు ఎక్స్ రేలలో చూస్తే ఏముంటుంది?

1978లో అమెరికా పంపిన ఐన్‌స్టీన్ అనే ఎక్స్ రే ఉపగ్రహం ఆ వైపు చూసింది. అక్కడ ఒక ఎక్స్ రే చుక్క కనబడింది. మామూలు దూరదర్శినితో అదే చోట చూస్తే దాదాపు ఏమీ లేదు. ఎక్స్ రేలలో అంత వెలుగు, కంటి వెలుగులో అంత చీకటి. మామూలు నక్షత్రం ఇట్లా ఉండదు. 1983లో బిగ్నామీ, కరవేయో, మరో శాస్త్రవేత్త కలిసి జెమింగా ఇదే కావచ్చని రాశారు.

కావచ్చు అన్నారు. అవును అనలేదు. ఒకే వీధిలో ఉన్నంత మాత్రాన ఉత్తరం రాసింది ఆ ఇంటివారే అని చెప్పలేం కదా. చేతిరాత కలవాలి. చుక్కలకు చేతిరాత అంటే నాడే. ఎక్స్ రే చుక్క నాడి, గామా కిరణాల నాడి ఒకటే అయితే రెండూ ఒక్కటే అని తేలిపోతుంది.

1990లో జర్మనీవాళ్ళ రోశాట్ అనే ఎక్స్ రే ఉపగ్రహం పైకి వెళ్ళింది. అది పాతవాటి కన్నా చాలా చురుకైనది. 1991లో అది జెమింగా వైపు చూసింది. కొద్ది రోజుల్లోనే వేల ఎక్స్ రే ముడులు దొరికాయి. తాడు పొట్టిది. ముడులు ఎక్కువ. అంటే ఎక్కువ గుంజలు చుట్టే పని లేదు. ఉత్తినే కుదిరే భయమూ తక్కువే.

అమెరికాలోని జూల్స్ హాల్పెర్న్, స్టీఫెన్ హోల్ట్ అనే ఇద్దరు ఆ తాడును గుంజలకు చుట్టి చూశారు. ఒక గుంజ మీద ముడులు వరుసగా నిలబడ్డాయి. ఒక సెకనును వెయ్యి భాగాలు చేస్తే అందులో 237 భాగాలు. జెమింగా ఒకసారి తిరగడానికి పట్టే కాలం అదే. అంటే సెకనుకు నాలుగు సార్లకు పైగా తిరుగుతోంది. మీరు "జెమింగా" అని పలికేలోపు అది రెండు మూడు సార్లు తిరిగిపోతుంది.

59 సెకన్లు ఎక్కడ? సెకనులో నాలుగో వంతు కూడా లేని ఈ కాలం ఎక్కడ?

పాత పద్దులు విప్పి చూస్తే

ఈ సంగతి 1992 మే నెలలో అచ్చయింది. ఇప్పుడు రెండో తాడు కావాలి.

1991 ఏప్రిల్‌లో అమెరికా కాంప్టన్ అనే పెద్ద గామా కిరణాల ఉపగ్రహాన్ని పంపింది. దాని దగ్గర జెమింగా నుంచి వచ్చిన గామా కిరణాల రాత ఉంది. ఎంత గుంజ వెతకాలో ఇప్పుడు తెలుసు. కాబట్టి లెక్కలేనన్ని గుంజలు అక్కర్లేదు. 237 దగ్గర చుట్టి చూశారు. ముడులు వరుసలో నిలబడ్డాయి. ఒక్కొక్క చుట్టుకు రెండు దెబ్బలు. మన గుండె లబ్, డబ్ అన్నట్టుగా. ఇది కూడా ఆ మే నెలలోనే అచ్చయింది.

చేతిరాత కలిసింది. ఎక్స్ రే చుక్క, గామా కిరణాలు పంపేది రెండూ ఒక్కటే. జెమింగా పల్సారే.

కథ ఇక్కడితో అయిపోలేదు. బిగ్నామీ, కరవేయో పాత పెట్టెలు తెరిచారు. 1975 నుంచి 1982 దాకా కాస్-బి రాసిపెట్టిన లెక్కలు బయటికి తీశారు. కొత్త గుంజకు చుట్టారు. అక్కడా నాడి ఉంది! ఇంకొందరు 1972, 73 నాటి సాస్-2 లెక్కలు తీశారు. ఆ ఉపగ్రహం పని మానేసి 19 ఏళ్ళు అయింది. దాని రాతలోనూ నాడి ఉంది!

అంటే జవాబు మొదటి నుంచీ వాళ్ళ చేతిలోనే ఉంది. 20 ఏళ్ళు పెట్టెలో ఉంది. దాన్ని ఎట్లా చదవాలో మాత్రం తెలియలేదు. చదవడం తెలిసిన రోజున పాత రాత కొత్త సంగతి చెప్పింది.

ఆ లెక్కలను ఎవరూ పారెయ్యలేదు. ఏ కిరణం ఏ క్షణంలో వచ్చిందో ఉన్నది ఉన్నట్టు రాశారు. నచ్చనివి కొట్టెయ్యలేదు. నచ్చేట్టు దిద్దలేదు. అందుకే 20 ఏళ్ళ తర్వాత కూడా పనికొచ్చాయి. తప్పు నాడి చూసినవాళ్ళే సరైన నాడిని పాత రాతలో చూపించారు. ముందు చెప్పిన మాట పోయింది. వాళ్ళ గౌరవం పోలేదు.

పాత రాత, కొత్త రాత పక్కపక్కన పెడితే ఇంకో లాభం కలిగింది. జెమింగా కొంచెం కొంచెంగా నెమ్మదిస్తోందని తేలింది. బొంగరం తిరిగి తిరిగి నెమ్మదించినట్టే. కానీ ఎంత నెమ్మదిగా! సెకనును 30 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. ఏడాదికి దాని నాడి అంత ఆలస్యం అవుతోంది. దాన్ని బట్టి దాని వయసు లెక్కగట్టారు. సుమారు 3 లక్షల 40 వేల ఏళ్ళు.

అది మనకు సుమారు 800 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే అక్కడ బయలుదేరిన వెలుగు మన దగ్గరికి రావడానికి 800 ఏళ్ళు పడుతుంది. మనకు ఇప్పుడు అందే నాడి ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్న రోజుల్లో కొట్టుకున్నది.

ఆ తర్వాత

జెమింగా ఒక దారి చూపింది. గామా కిరణాలు పంపేది ఏదో తెలియకపోతే ఏం చెయ్యాలి? ఆ చోట ఎక్స్ రే చుక్క ఉందేమో చూడాలి. ఉంటే దాని నాడి పట్టాలి. ఆ నాడితో గామా కిరణాల రాతను చదవాలి.

2008లో ఫెర్మి అనే కొత్త గామా ఉపగ్రహం వెళ్ళింది. దానికి ముడులు ఎక్కువ దొరుకుతాయి. కంప్యూటర్లూ ఎన్నో రెట్లు చురుకయ్యాయి. అందుకే ఒక్కోసారి ఇప్పుడు దారి తిరగబడుతోంది. ముందు గామా కిరణాల్లోనే నాడి దొరుకుతోంది. ఆ తర్వాత ఎక్స్ రేలో అదే నాడి కోసం చూస్తున్నారు. 2008లో ఫెర్మి సీటీఏ-1 అనే చోట అట్లా ఒక పల్సార్‌ను పట్టింది. 2010లో దాని ఎక్స్ రే నాడి కూడా దొరికింది.

ఈ పనిలో మన దేశం కూడా ఉంది. మహారాష్ట్రలో పుణె దగ్గర నారాయణగావ్‌లో పెద్ద రేడియో దూరదర్శిని ఉంది. ఫెర్మి చూపిన పేరు తెలియని చోట్లలో వెతికి మన శాస్త్రవేత్తలు అక్కడ కొత్త పల్సార్లను కనిపెట్టారు. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ అనే ఉపగ్రహం లేచింది. ఎక్స్ రే చుక్కల నాడి చూసే పరికరాలు అందులో ఉన్నాయి.

2020లో అచ్చయిన ఫెర్మి పట్టికలో గామా కిరణాలు వచ్చే చోట్లు 5 వేలకు పైగా ఉన్నాయి. అందులో వెయ్యికి పైగా చోట్ల ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు. వెయ్యికి పైగా ఉత్తరాలు, పంపినవారి పేరు లేకుండా. వాటిలో కొన్నిటికి జవాబు ఇప్పటికే ఏదో పాత రాతలో ఉండి ఉండవచ్చు.

కొత్త మాటలు

గామా కిరణాలు: ఎక్స్ రే కన్నా బలమైన, కంటికి కనబడని వెలుగు.
న్యూట్రాన్ నక్షత్రం: పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే బరువైన ముద్ద.
పల్సార్: తిరుగుతూ, ఒకే తీరుగా తళుక్కుమనే న్యూట్రాన్ నక్షత్రం.
ఆవర్తన కాలం: ఒకసారి తిరగడానికి పట్టే సమయం.
కాంతి సంవత్సరం: వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం.
కాకతాళీయం: కారణం లేకుండా ఉత్తినే కుదరడం.

చదివారు కదా, చెప్పండి

1. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్ రేలు నేల దాకా ఎందుకు రావు?
2. జెమింగా అనే పేరుకు ఉన్న రెండు అర్థాలు ఏమిటి?
3. గామా కిరణాల్లో నాడి దొరకలేదు. ఎక్స్ రేలలో ముందు దొరికింది. ఎందుకు?
4. 59 సెకన్ల నాడి తప్పని ఎట్లా తెలిసింది?
5. జెమింగా గంటలో 15 వేల సార్లు తిరుగుతుంది. రోజుకు సుమారు ఎన్నిసార్లు తిరుగుతుంది? లెక్క కట్టండి.

చెయ్యండి

నలుగురూ కలిసి పాఠంలో చెప్పినట్టు ఒక తాడుకు ముడులు వెయ్యండి. ఎంత దూరం లెక్కన వేశారో పక్క జట్టుకు చెప్పకండి. వాళ్ళు రకరకాల గుంజలకు, డబ్బాలకు, బిందెలకు చుట్టి ఆ దూరం కనిపెట్టాలి. ఎన్నింటికి చుట్టి చూశారో, దేని మీద ముడులు ఎట్లా నిలబడ్డాయో ప్రతిసారీ నోటు పుస్తకంలో రాయండి. కుదరనివి కూడా రాయండి.